అద్దె ఆగిన మర్నాడు మీ దగ్గర ఏముంటుంది?

క్రితం సంచికలో కొత్త కంప్యూటర్ కొనేవారికి సలహాలు రాస్తూ, ఖరీదైన ఆటలనూ సాఫ్ట్‌వేర్‌నూ ఇప్పుడు కొని తీరాలన్న నియమం లేదనీ, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదుగా నెలకు ఇంత అని కట్టి అద్దెకు తెచ్చుకోవచ్చనీ ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. మిగతా వ్యాసాన్ని పక్కన పెట్టి, ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకునే ఎక్కువమంది ఉత్తరాలు రాశారు. తప్పు నాదే; అంత విషయాన్ని ఒక వాక్యంలో చుట్టేయడం తగని పని. అందుకే ఈసారి శీర్షికనంతా దానికే కేటాయిస్తున్నాను. పేర్లు ప్రచురించవద్దని కొందరు కోరినందున అందరి పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ కొని ఆరేళ్లయింది. అందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. చందా కడితే ఈ ఏడాది వచ్చిన ఆటలు కూడా ఇలాంటి పాత యంత్రాల్లో ఆడుకోవచ్చని ఒక ప్రకటనలో చూశాను. మరో సంస్థ ప్రకటనలో మాత్రం మంచి గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అని రాశారు. రెండూ నెలవారీ అద్దెలే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వస్తోంది?
– ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: రెండూ అద్దెలే గాని, అద్దెకు వచ్చే వస్తువు ఒకటి కాదు. మొదటి రకంలో ఆట తాలూకు ఫైళ్లన్నీ మీ కంప్యూటర్‌లోకి డౌన్‌లోడ్ అవుతాయి, ఆట నడిచేదీ మీ యంత్రంలోనే. కొన్న ఆటకూ దీనికీ ఉన్న తేడా ఒక్కటే: మీ చందా ఇంకా అమలులో ఉందో లేదో అది అప్పుడప్పుడు సంస్థ సర్వర్‌ను అడిగి తెలుసుకుంటుంది, లేదని జవాబు వస్తే తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ 2017 జూన్‌లో ప్రారంభించిన ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ ప్రధానంగా ఈ తరహా సేవ. మీరు చూసిన రెండో ప్రకటన ఇలాంటి దానిదే అయి ఉంటుంది.

రెండో రకాన్ని స్ట్రీమింగ్ లేదా క్లౌడ్ ఆట అంటారు; ఇందులో ఆట మీ ఇంటికి రానే రాదు. అది ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న శక్తిమంతమైన యంత్రంలో నడుస్తుంది. అక్కడ తెర మీద కనబడవలసిన బొమ్మను అప్పటికప్పుడు వీడియోగా కుదించి మీకు పంపుతారు, మీరు నొక్కిన మీట సంగతి మాత్రం ఇక్కడినుంచి అక్కడికి వెళుతుంది. అంటే మీ ల్యాప్‌టాప్ చేయవలసిన పని సినిమా చూపించడం కంటే పెద్దదేమీ కాదు. ఆరేళ్ల నాటి యంత్రానికి అది కష్టం కాదు కాబట్టి ఆ ప్రకటన అబద్ధం చెప్పలేదు, బ్రాడ్‌బ్యాండ్ సంగతి చిన్న అక్షరాల్లో వేసిందంతే. అమెజాన్ లూనా ఈ కోవలోకి వస్తుంది; గేమ్ పాస్‌లో కూడా పై తరగతి చందాదారులకు 2020 సెప్టెంబర్‌లో ఈ వసతి వచ్చింది.

ఇవి రెండూ కాక మూడో ఏర్పాటు ఒకటుంది, ఎక్కువమంది బోల్తా పడేది దాని దగ్గరే. ఎన్‌విడియా సంస్థ నడిపే జీఫోర్స్ నౌ 2020 ఫిబ్రవరిలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ప్రధానంగా అది అద్దెకిచ్చేది యంత్రాన్ని. ఆటను మీరు స్టీమ్ వంటి ఆన్‌లైన్ ఆటల దుకాణంలో విడిగా సంపాదించుకుని ఉండాలి. చందా కట్టగానే వందల ఆటలు ఒళ్లో పడతాయనుకున్నవారికి ఇక్కడ నిరాశ తప్పదు. పైగా మీరు కొన్న ఆటే అయినా, దాన్ని ఆ సేవ మీద నడిపేందుకు ఆట ప్రచురణ సంస్థ ఒప్పుకోవాలి. ఆ సేవ తెరుచుకున్న నెలలోనే యాక్టివిజన్ బ్లిజార్డ్, బెథెస్డా తమ ఆటలను వెనక్కి తీసుకోవడంతో, వాటిని అప్పటికే కొని ఉన్నవారు కూడా అక్కడ ఆడలేకపోయారు. కాబట్టి చందా కట్టేముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోండి: ఆట నడిచేది నా యంత్రంలోనా, మీ యంత్రంలోనా? ఆట ఈ అద్దెలో భాగమా, విడిగా కొనాలా?

ప్రశ్న: మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. 4కె సినిమాలు ఒక్కసారి కూడా ఆగకుండా వస్తాయి. అదే కనెక్షన్ మీద క్లౌడ్ ఆట ఆడితే మాత్రం, మీట నొక్కిన కాసేపటికి గాని తెర మీద మనిషి కదలడు. రాత్రి ఎనిమిది దాటితే మరీ ఘోరంగా ఉంటోంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారితే బాగుపడుతుందా?
– ప్రైవేటు ఉద్యోగి

జవాబు: ఇప్పుడే మారకండి. ఎంబీపీఎస్ అన్న అంకె సెకనుకు ఎంత సరుకు రాగలదో చెబుతుంది. ఒక ఉత్తరం వెళ్లి దాని జవాబు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పదు. మీ బాధ రెండోదానితో. ఆ రాకపోకల సమయాన్ని పింగ్ అంటారు, మిల్లీసెకన్లలో కొలుస్తారు.

సినిమాకు ఈ బాధ ఎందుకు లేదంటే, రాబోయే సన్నివేశం ముందే తయారై ఉంది కాబట్టి. మీరు ఒక దృశ్యం చూస్తుండగానే తర్వాతి భాగం వచ్చి మీ యంత్రంలో నిలవ ఉంటుంది; మధ్యలో లైన్ రెండు క్షణాలు తడబడినా నిలవలో ఉన్నది చూపిస్తూ నెట్టుకొస్తుంది. ఆటలో రాబోయే బొమ్మ ఇంకా పుట్టనే లేదు, మీరు కుడికి తిరుగుతారో ఎడమకు తిరుగుతారో తేలితే గాని పుట్టదు. అందువల్ల ముందుగా నిలవ చేసుకునే వీలే ఉండదు. సెకనుకు 60 బొమ్మల చొప్పున నడిచే ఆటలో ఒక్కో బొమ్మ వంతు సుమారు 16.7 మిల్లీసెకన్లు, మీ కనెక్షన్ 100 మిల్లీసెకన్ల ఆలస్యం కలిపితే మీరు ఎప్పుడూ ఆరు బొమ్మలు వెనకబడి ఆడుతున్నట్టే.

ఈ ఆలస్యంలో కొంత ఎవరూ తగ్గించలేనిది. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే డేటా సెంటర్ 1,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు ఖర్చవుతాయి. దారిలో ఉన్న యంత్రాలు, వీడియోను కుదించడం, మీ దగ్గర మళ్లీ విప్పడం ఇవన్నీ దాని మీద అదనం. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల ద్వారా కనెక్షన్ తీసుకున్నవారికైతే సంకేతం పైకీ కిందికీ తిరగడానికే దాదాపు అర సెకను పోతుంది; వారు ఈ రెండో రకం అద్దె జోలికి వెళ్లకపోవడమే మంచిది.

కానీ మీరు రాత్రి ఎనిమిది తర్వాత అన్నారు. దూరం రాత్రికి పెరగదు కదా! కాబట్టి మీ దోషం దారిలో రద్దీది, అది చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. దీన్ని తేల్చుకోవడానికి ముందుగా కంప్యూటర్‌ను రూటర్‌కు తీగతో కలపండి. వైఫై మీద, అందులోనూ 2.4 గిగాహెర్ట్జ్ మీద, చుట్టుపక్కల ఇళ్ల రూటర్లన్నీ ఒకే దారిలో తోసుకుంటూ ఉంటాయి. అందరూ ఇళ్లకు చేరేది సాయంత్రమే. తీగతో బాగుపడితే సమస్య తీరినట్టే. తీగ లాగే వీలు లేకపోతే 5 గిగాహెర్ట్జ్‌కు మారి, రూటర్ ఉన్న గదిలోనే ఆడి చూడండి.

తీగతోనూ బాగుపడకపోతే, కంప్యూటర్‌లో టైప్ చేసి ఇచ్చే పింగ్ ఆదేశాన్ని ఆగకుండా నడిచేలా పెట్టి వచ్చే అంకెలు గమనించండి. ఇంట్లో ఎవరూ ఏమీ వాడనప్పుడు 15 లేదా 20 మిల్లీసెకన్లు వస్తోందనుకుందాం. అప్పుడు ఒక ఫోన్ నుంచి పెద్ద వీడియోను అప్‌లోడ్‌కు పెట్టండి. అంకె ఒక్కసారిగా 200, 300కు ఎగబాకితే దోషం మీ రూటర్‌లో పేరుకునే వరుసది. మీ మీట సంకేతం బరువులో పిసరంతే అయినా, అంత పెద్ద వీడియో వెనక వరుసలో నిలబడవలసి వస్తోంది. దీనిని బఫర్‌బ్లోట్ అంటారు. మా ఇంట్లో నెల రోజులు నేను బ్రాడ్‌బ్యాండ్ సంస్థను తిట్టుకున్న తర్వాత బయటపడింది ఇదే: ఇంటిల్లిపాదీ తిరిగివచ్చి ఫోన్లను ఛార్జింగ్‌కు పెట్టగానే, ఆ రోజు తీసిన ఫొటోలన్నీ వాటంతటవే బ్యాకప్‌కు బయలుదేరేవి. బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చాను, అంతే. కొన్ని రూటర్లలో ఏ సమాచారం ముందు పోవాలో సర్దే ఎస్‌క్యూఎం లేదా క్యూఓఎస్ అన్న అమరిక ఉంటుంది. ఎస్‌క్యూఎం ఉంటే దాన్ని ఆన్ చేసి, వేగ పరిమితిని మీ అసలు వేగం కంటే కాస్త తక్కువగా ఇస్తే ఈ వరుస పేరుకోదు.

తీగ ఉండి, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండి కూడా రాత్రివేళ అంకె పెరిగితే మాత్రం రద్దీ మీ బ్రాడ్‌బ్యాండ్ సంస్థ వైపుది. 300 ప్లాన్ తీసుకున్నా సాధారణంగా అదే దారిలో వెళ్లాలి. అంకెలు, వేళలు రాసిపెట్టి ఫిర్యాదు చేయండి. ఈలోగా చదరంగం, పేకాట, వంతులవారీగా సాగే వ్యూహపు ఆటలు, కథ ప్రధానమైన ఆటలు ఈ ఆలస్యాన్ని బాగానే సహిస్తాయి. కొట్లాట, కాల్పులు, కార్ల పందేలు సహించవు. టీవీ మీద ఆడేవారైతే దాని అమరికల్లో గేమ్ మోడ్ పెట్టండి. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ సొంతంగా తీసుకునే సమయం దానితో చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: మా ప్లాన్‌లో నెలకు ఇంత డేటా అని పరిమితి ఉంది. అద్దె ఆటలకు ఎంత ఖర్చవుతుంది?
– గృహిణి

జవాబు: లెక్క మీరే వేసుకోవచ్చు. ముందు, ఆట వీడియోగా వచ్చే స్ట్రీమింగ్ రకం సంగతి. ఎంబీపీఎస్ అంకెను 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని మెగాబైట్లో వస్తుంది. ఆ లెక్కన 10 ఎంబీపీఎస్ వీడియో గంటకు 4.5 జీబీ, 25 ఎంబీపీఎస్ వీడియో గంటకు 11.25 జీబీ తింటుంది. పూర్తి హెచ్‌డీ నాణ్యత కోసం ఈ సేవలు అడిగేది దాదాపు ఈ రెంటి మధ్యే. రోజుకు రెండు గంటల చొప్పున 25 ఎంబీపీఎస్ మీద ఆడితే నెలకు 675 జీబీ అవుతుంది.

డౌన్‌లోడ్ రకంలో ఆట పరిమాణమెంతో అంతే, ఆపైన అప్పుడప్పుడు వచ్చే సవరణలు. ఇప్పటి పెద్ద ఆట ఒకటి 100 జీబీ ఉందనుకుంటే, 25 ఎంబీపీఎస్ స్ట్రీమింగ్‌లో అదే ఆటను తొమ్మిది గంటలు ఆడేసరికి అంత డేటా అయిపోతుంది. కాబట్టి పరిమితి ఉన్న ప్లాన్ మీద కాసేపు రుచి చూడవలసిన ఆటను స్ట్రీమింగ్‌లో చూడండి, నెల రోజులు ఆడబోయే ఆటను డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ 100 జీబీ దిగడానికి 50 ఎంబీపీఎస్ లైన్ మీద నాలుగున్నర గంటలు పడుతుందని పిల్లలకు ముందే చెప్పి ఉంచడం మీ మనశ్శాంతికి మంచిది.

ప్రశ్న: మా అబ్బాయి అద్దె చందాలో దొరికిన ఒక ఆటను ఏడాదిగా ఆడుతున్నాడు. దాచుకున్న డబ్బుతో అందులో అదనపు కథలు, వేషాలు కూడా కొనుక్కున్నాడు. పోయిన నెల ఆ ఆటను జాబితాలోంచి తీసేశారు. కొన్నవి కూడా పోయినట్టేనా? వాడు చాలా బాధపడుతున్నాడు.
– ఒక తల్లి

జవాబు: పోలేదు గాని, ప్రస్తుతానికి పనికిరావు. అదనపు భాగాలు మీ అబ్బాయి ఖాతాలో కొన్నవిగానే నమోదై ఉంటాయి. వాటిని తెరిచేందుకు అసలు ఆట కావాలి, ఆ అసలు ఆట అద్దెది. విడిగా ఆ ఆటను కొంటే, అదీ అదే దుకాణంలో అదే ఖాతా మీద కొంటే, అదనపు భాగాలు తిరిగి పనిచేస్తాయి. ఏడాదిపాటు ఆడిన ప్రగతి కూడా సాధారణంగా క్లౌడ్‌లో సేవ్ అయి ఉంటుంది కాబట్టి, ఆగిన చోటినుంచే ఆడుకోవచ్చు. జాబితాలోంచి తొలగించబోయే ఆటల పేర్లను చాలా సేవలు కొద్దిరోజుల ముందే ప్రకటిస్తాయి, జాబితాలో ఉండగానే కొనేవారికి ధర తగ్గించే సేవలూ ఉన్నాయి. ఆ ప్రకటన చూసే అలవాటు లేకపోవడం వల్లే మీకీ నష్టం కలిగింది. అద్దె ఆటకు అదనపు భాగాలు కొనడమంటే అద్దె ఇంటి గోడలకు మన ఖర్చుతో బీరువాలు కట్టించుకోవడమే. కొనవద్దని చెప్పను, ఆట నిజంగా నచ్చితే ముందు ఆటను కొని తర్వాత వాటిని కొనమని చెప్పండి.

ఒక్క ఆట తొలగితే ఇంత బాధ ఉంటే, సేవ మొత్తం మూతపడితే ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. అలా జరిగింది కూడా. ఆటల స్ట్రీమింగ్‌ను మొదట పెద్ద ఎత్తున అందించిన ఆన్‌లైవ్ 2010 జూన్‌లో తెరుచుకుని 2015 ఏప్రిల్ 30న మూతపడింది. గూగుల్ అంతటి సంస్థ నడిపిన స్టేడియా 2019 నవంబర్ 19న మొదలై 2023 జనవరి 18న ఆగిపోయింది. స్టేడియా విషయంలో గూగుల్ తన దుకాణాల్లో అమ్మిన పరికరాలకూ ఆటలకూ అదనపు భాగాలకూ డబ్బు తిరిగి ఇచ్చింది, అది మెచ్చదగిన పని. నెలవారీగా వసూలు చేసిన చందాను మాత్రం తిరిగి ఇవ్వలేదు. అందులో అన్యాయమేమీ లేదనే నేను అనుకుంటాను. ఆడుకున్న నెలలకు కట్టిన అద్దె అది. మూసేటప్పుడు కొన్న సొమ్ము తిరిగి ఇవ్వడం మాత్రం ఆ సంస్థ చూపిన మర్యాద. తర్వాతి సంస్థ అదే మర్యాద చూపుతుందని లెక్కలో వేసుకోకండి.

ప్రశ్న: నేను పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. ఫొటోషాప్, లైట్‌రూమ్ చందాలు కడుతున్నాను. పని లేని నెలల్లో ఇది భారంగా ఉంది. చందా మానేస్తే ఇన్నేళ్లుగా దిద్దిన ఫొటోలు నాకు దక్కుతాయా? పాతరోజుల్లో లాగా ఒకేసారి కొనే దారి లేదా?
– ఫొటోగ్రాఫర్

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ రెండింటినీ ఇప్పుడు శాశ్వత లైసెన్స్‌తో అమ్మడం లేదు. ఒకేసారి కొనే పద్ధతిలో, వాటిని తయారుచేసే అడోబీ సంస్థ ఫొటోషాప్‌తో కూడిన చివరి సంపుటి సీఎస్6ను 2012లో తెచ్చింది. ఆ సంపుటిలోని ప్రోగ్రాముల కొత్త రూపాలు ఇకమీదట చందా మీదేనని ఆ సంస్థ 2013 మేలో ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ మాత్రం వర్డ్, ఎక్సెల్ వంటివి చందాతో వచ్చే మైక్రోసాఫ్ట్ 365ను ముందుకు తోస్తూనే, ఒకేసారి కొనే ఆఫీస్‌ను కూడా ఇంకా అమ్ముతోంది, ప్రకటనల్లో దాని ఊసు అంతగా కనిపించదు గాని.

ఇక మీ ఫొటోల సంగతి. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లు మీవే, చందా ఆగితే వాటిని ఎవరూ తీసుకుపోరు. కానీ ఫైలు మీ దగ్గర ఉండటం వేరు, దాన్ని తెరవగలగడం వేరు. లైట్‌రూమ్ క్లాసిక్ ఈ విషయంలో కొంత ఉదారంగా ఉంటుంది: చందా ముగిసిన తర్వాత కూడా అది తెరుచుకుంటుంది, ఫొటోలు చూసుకోవచ్చు, దిద్దుబాట్లతో సహా వాటిని ఎగుమతి చేసుకోవచ్చు, కొత్తగా దిద్దే విభాగం మాత్రం మూసుకుపోతుంది. ఫొటోషాప్ అసలు పనిచేయదు. దాని పీఎస్‌డీ ఫైళ్లను జింప్, క్రిటా వంటి ఉచిత ప్రోగ్రాములు తెరుస్తాయి గాని, పొరలు మామూలువైతేనే సవ్యంగా వస్తాయి. స్మార్ట్ ఆబ్జెక్టులు, కొన్ని రకాల సర్దుబాటు పొరలు చెదిరిపోవచ్చు. అందువల్ల చందా అమలులో ఉండగానే ముఖ్యమైన ప్రతి పనికీ పీఎస్‌డీతో పాటు, పొరలన్నీ కలిపేసిన టిఫ్ ప్రతి ఒకటి దాచండి. ఆ టిఫ్‌ను తెరవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మైక్రోసాఫ్ట్ 365 వాడేవారికీ ఇలాంటిదే: చందా గడువు దాటితే వర్డ్, ఎక్సెల్ పాత ఫైళ్లను చూపిస్తాయి, ముద్రిస్తాయి, కొత్తగా రాయనివ్వవు. అయితే ఆ ఫైళ్ల పద్ధతులు 2008లోనే అంతర్జాతీయ ప్రమాణంగా నమోదయ్యాయి కాబట్టి, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాటిని చాలావరకు సరిగానే తెరుస్తుంది. వారు ఎక్కువ జాగ్రత్త పడవలసింది చందాతో వచ్చిన క్లౌడ్ నిలవ విషయంలో. చందా పోతే ఆ నిలవ పరిమితి కుంచించుకుపోతుంది, పరిమితికి మించి ఉన్న ఫైళ్లకు గడువు మొదలవుతుంది.

పని లేని నెలల్లో మానేద్దామన్న మీ ఆలోచన బాగుంది, అయితే మీరు చేసుకున్న ఒప్పందం ఏ రకమో ముందు చూసుకోండి. నెలనెలా డబ్బు పోతున్నంత మాత్రాన అది నెలవారీ ఒప్పందం కాకపోవచ్చు. ఏడాదికి ఒప్పందం, చెల్లింపు మాత్రం నెలనెలా అన్న పద్ధతి ఒకటుంది. నెలసరి అంకె అందులో తక్కువగా కనబడుతుంది, అందుకే ఎక్కువమంది దాన్నే ఎంచుకుంటారు. మధ్యలో మానితే మిగిలిన నెలల సొమ్ములో సగం దాకా రుసుముగా కట్టవలసి రావచ్చు. ఈ రుసుము సంగతిని కొనుగోలుదారులకు స్పష్టంగా చెప్పలేదని ఆరోపిస్తూ 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వం అడోబీ మీద కోర్టులో దావా వేసింది. సంస్థ ఆ ఆరోపణలను ఖండించింది. దావా సంగతి ఎలా ఉన్నా, మీ ఖాతా పేజీలో ఒప్పందం ముగిసే తేదీ చూసుకుని, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడం మీ పని.

పెళ్లిళ్ల ముహూర్తాలను బట్టి పని చేసేవారికి, నిజమైన నెలవారీ ఒప్పందం ధర ఎక్కువగా కనబడినా, ఏడాది మొత్తం మీద చవకగా పడవచ్చు. మీరు ఏడాదిలో ఎన్ని నెలలు ఆ ప్రోగ్రాం తెరుస్తారో రాసుకోండి, ఆ నెలల అద్దెను ఏడాది ఒప్పందం మొత్తంతో పోల్చండి. ఖాళీగా ఉన్న నెలల్లో డార్క్‌టేబుల్ లేదా రాథెరపీ మీద చేయి తిప్పుకోండి, రెండూ ఉచితం. వాటితో లైట్‌రూమ్ అవసరం పూర్తిగా తీరిపోతుందని నేను అనను, మీ చేతివాటం వేరే పనిముట్టుకు అలవాటుపడటానికి సమయం పడుతుంది. అయినా ఆ అలవాటు ఉన్నవారు అద్దె పెరిగినప్పుడు అంతగా కంగారు పడరు.

ప్రశ్న: వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చిన కాలంలో సాఫ్ట్‌వేర్ సీడీలను మాత్రం చట్టబద్ధంగా ఎవరూ ఎందుకు అద్దెకివ్వలేదు? ఇప్పుడు తయారీ సంస్థలే అద్దెకిస్తున్నాయంటే వింతగా ఉంది.
– విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: అయ్యా, వింతలోనే కారణం ఉంది. ఫ్లాపీనో సీడీనో సాయంత్రం అద్దెకు తీసుకుని, రాత్రికి రాత్రి నకలు తీసుకుని, పొద్దున తిరిగి ఇచ్చేయడం ఎవరికైనా సాధ్యమే. అందువల్ల 1990లో అమెరికా చట్టం చేసి, హక్కుదారు అనుమతి లేకుండా సాఫ్ట్‌వేర్‌ను అద్దెకివ్వడాన్ని నిషేధించింది. టీవీకి కలిపి ఆడే వీడియో గేమ్ యంత్రాల ఆటలను మాత్రం ఆ నిషేధం నుంచి మినహాయించారు. వాటి క్యాట్రిడ్జ్‌లకు ఇంట్లో నకలు తీయడం తేలిక కాదు. మేధో సంపత్తి హక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు చేసుకుని 1995లో అమలులోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందం కంప్యూటర్ ప్రోగ్రాములను అద్దెకిచ్చే హక్కును హక్కుదారుకే కట్టబెట్టాలని సభ్య దేశాలన్నిటికీ చెప్పింది. అంటే అద్దె అన్న ఆలోచనను తయారీ సంస్థలు కాదనలేదు, తాళంచెవి తమ చేతిలో లేని అద్దెనే కాదన్నాయి. బ్రాడ్‌బ్యాండ్ వచ్చి ఆ తాళంచెవిని వారి చేతికిచ్చింది.

తీగ మీద అద్దె కూడా మీరు అనుకునేంత కొత్తది కాదు. 1983లో గేమ్‌లైన్ అనే సేవ అటారీ 2600 యంత్రానికి టెలిఫోన్ తీగ ద్వారా ఆటలను దించేది. దించుకున్న ఆటను కొన్నిసార్లు మాత్రమే ఆడనిచ్చేది. ఆ వ్యాపారం నిలబడలేదు గాని, దాని శిథిలాల మీద లేచిన సంస్థే తర్వాత అమెరికా ఆన్‌లైన్ అనే పెద్ద ఇంటర్నెట్ సంస్థ అయింది. 1994 నుంచి 1998 వరకు నడిచిన సెగా ఛానల్ కేబుల్ టీవీ తీగ ద్వారా నెలనెలా కొన్ని పదుల ఆటలను ఇంటికి పంపేది. యంత్రాన్ని ఆపితే దించుకున్న ఆట చెరిగిపోయేది, మర్నాడు మళ్లీ దించుకోవాలి. నకలు భయానికి అంతకంటే సులువైన మందు ఏముంటుంది?

ప్రశ్న: నెట్ పోయినప్పుడు అద్దె ఆటలు ఆడవచ్చా? నా చందాను హాస్టల్‌లో ఉన్న తమ్ముడితో పంచుకోవచ్చా?
– బ్యాంకు ఉద్యోగిని

జవాబు: స్ట్రీమింగ్ రకమైతే నెట్ లేనిదే లేదు. డౌన్‌లోడ్ రకంలో ఆఫ్‌లైన్ అనుమతి ఉన్న ఆటలను కొన్నాళ్లు ఆడవచ్చు, నెట్ ఉన్నప్పుడే ఆ అమరిక చేసి పెట్టుకోవాలి. పంచుకోవడం విషయంలో చాలా సేవల కుటుంబ చందాలకు ఒకే ఇంట్లో ఉండేవారన్న షరతు ఉంటుంది. తమ్ముడు తమ్ముడే అయినా హాస్టల్ వేరే ఇంటి కిందికే రావచ్చు. షరతులు చదవకుండా పాస్‌వర్డ్ ఇచ్చేస్తే, ఖాతా నిలిపివేసినప్పుడు నష్టపోయేది మీరే.

ప్రశ్న: నెల రోజులు ఉచితం అన్నారని కార్డు వివరాలు ఇచ్చి ఒక ఆటల సేవలో చేరాను. యాప్ తీసేశాను. అయినా మూడు నెలలుగా డబ్బు పోతూనే ఉంది. ఏం చేయాలి?
– చిరు వ్యాపారి

జవాబు: యాప్ తీసేయడం అంటే ఇంటికి తాళం వేసి ఊరెళ్లడమే, ఇల్లు ఖాళీ చేయడం కాదు. చందా మీ ఖాతాలో బతికే ఉంది. ఆ సేవ వెబ్‌సైట్‌లోకి వెళ్లి, ఖాతా పేజీలో చందా రద్దు చేయండి. ఫోన్ యాప్ స్టోర్ ద్వారా చేరి ఉంటే రద్దు అక్కడే చేయాలి, సేవ వెబ్‌సైట్‌లో ఆ మీటే కనిపించకపోవచ్చు. తర్వాత బ్యాంకు యాప్‌లో ఆటోపే అనుమతుల జాబితా తీసి, ఆ సంస్థ పేరు ఉంటే దాన్నీ తొలగించండి. ఈ వరుస మార్చకండి; బ్యాంకు వైపు మాత్రమే ఆపేస్తే, ఒప్పందం రద్దు కాకుండా బకాయి పేరుకునే ప్రమాదం ఉంది.

మూడు నెలల సొమ్ము గురించి సేవ సహాయ విభాగానికి రాయండి. ఆ మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఖాతాలోకి వెళ్లలేదని తేదీలతో సహా చెప్పండి. వాడకం ఏమీ లేనప్పుడు కొన్ని సంస్థలు చివరి నెల సొమ్మయినా తిరిగి ఇస్తాయి. రద్దయినట్టు వచ్చే ఈమెయిల్‌ను దాచుకోండి. అది రాకపోతే రద్దు కాలేదనుకుని, తర్వాతి చెల్లింపు తేదీకి ముందే మళ్లీ ప్రయత్నించండి.